ఈశాన్యం మూల మిషను

ఆ రోజు లక్సెట్టిపేటలోని కొండల్‌రావు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: అన్నీ తెలిసిన కొండల్‌రావు, ఆయనకు తెలియనివి కూడా తెలిసిన ఆయన భార్య సరళాదేవి, ఏది చెబితే అది చేసే జీతగాడు రాయమల్లు, ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంటి బట్టలు ఉతుకుతున్న చంద్రవ్వ, ఆమె మోకాళ్ల నొప్పుల వల్ల మూట మోసుకొచ్చిన మనుమరాలు గంగామణి. వీళ్లు గాక వెనుక వరండాలో, ఈశాన్యం మూలన, నుదుట కుంకుమ బొట్టుతో, మెడ లేకపోయినా మెడలో బంతిపూల దండతో, వారం కింద కొన్న బట్టలుతికే మిషను ఒకటి ఉంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద దానికే జరుగుతోంది.

అది తొంభై మూడు, ఏప్రిల్ నెల. మధ్యాహ్నానికి కరీంనగర్ నుంచి కొండల్‌రావు అక్క నిర్మలాదేవి కారులో వస్తోంది. అంత పెద్ద పట్నంలో ఉండి కూడా ఆమె ఇంటికి ఇంకా మిషను రాలేదు. లక్సెట్టిపేటకు వచ్చేసింది. ఆ సంగతి ఆమె స్వయంగా చూసి, కాసేపు మాట రాక నిలబడాలని సరళాదేవి కోరిక. అందుకే భర్తవి పద్నాలుగు తెల్ల బట్టలు, ధోవతులూ లాల్చీలూ కలిపి, పొద్దున్నే మిషనులో వేసింది. ఆడబిడ్డ గడప తొక్కే వేళకు అవి మల్లెపూలలా తీగ మీద ఊగుతుండాలి.

"కూసో చంద్రవ్వ, జర జూసి పో," అంది సరళాదేవి. "గిండ్ల బట్టలెయ్యాలె, మీట తిప్పాలె, గంతే. ఉతుకుడు దానిదే, జాడిచ్చుడు దానిదే, పిండుడు దానిదే. ఇయ్యాల మా వదినె ముందట గిది మంచిగ నడిచిందనుకో, రేపటి సంది నువ్వు రాకున్నా ఫికర్ లేదు."

"మంచిది దొర్సాని," అంది చంద్రవ్వ.

ఏం మంచిది? ఆ ఇంటి నుంచి ఏటేటా వచ్చే వడ్లతోనే ముసలిదీ మనుమరాలూ బతుకుతున్నారు. గంగామణి ఊరి బడిలో మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ వడ్లు ఆగిపోతే జూన్‌లో ఆమె పోయేది కాలేజీకి కాదు, బీడీల కార్ఖానాకు. ఈ లెక్క ఇద్దరికీ తెలుసు. మిషను దగ్గర కూర్చోమంటే ఇద్దరూ కూర్చున్నారు.

నిజానికి మిషనులో ఏ లోపమూ లేదు. లోపమంతా కొండల్‌రావు వాస్తు పరిజ్ఞానంలో ఉంది. దుకాణం మనిషి దాన్ని స్నానాలగదిలో నిలబెట్టి, మురికినీళ్లు బయటికి పోయే పైపును నడుమెత్తున గోడ కొక్కేనికి తగిలించి పోయాడు. అతని జీపు మలుపు తిరగకముందే కొండల్‌రావు తీర్పు చెప్పాడు.

"నీళ్లు పైకెక్కి పడుడేందిరా రాయమల్లు? నీళ్లన్నంక కిందికి పోవాలె. పోతే ఈశాన్యానికి పోవాలె. మిషిన్లు చేసెటోళ్లకు మన శాస్త్రం ఏం తెలుస్తది?"

వాస్తు పంతులు వచ్చాడు. దిక్సూచి పెట్టి చూశాడు. మిషను వెనుక వరండాకు, ఈశాన్యం మూలకు ప్రయాణం కట్టింది. అక్కడ నేలమట్టాన గోడకో తూము ఉంది. పైపు కొసను ఆ తూములోకి దోపి, ఎలుకలు రాకుండా చుట్టూ పాత గుడ్డ పీలికలు గట్టిగా కుక్కారు. తూము అవతల కొండల్‌రావు చిన్నాన్న కొడుకు జైపాల్‌రావు పెరడు. వాస్తు ప్రకారం మురికి అక్కడికే పోవాలని పంతులు చెప్పలేదు గాని, కొండల్‌రావుకు ఆ ఏర్పాటు బాగా నచ్చింది.

సరళాదేవి మీట తిప్పింది. నీళ్లు ధారగా పడటం మొదలైంది. అందరూ మూత సందులోంచి చూశారు. పది నిమిషాలైంది. ఇరవై అయింది. నీళ్లు పడుతూనే ఉన్నాయి, మిషను నిండటం లేదు, తిరగడం లేదు.

"కొత్తది గదా, దూప ఎక్కువుంటది," అన్నాడు కొండల్‌రావు.

కిటికీ గట్టు మీద మిషనుతో వచ్చిన పుస్తకం పడి ఉంది. దానికి కూడా కుంకుమ పెట్టారు గాని ఎవరూ విప్పలేదు. గంగామణి మెల్లగా తీసి చూసింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవాల్సిన పనే పడలేదు, నాలుగో పేజీలో బొమ్మలున్నాయి. ఒక బొమ్మలో పైపు నడుమెత్తున గోడకు వేలాడుతోంది. ఇంకో బొమ్మలో పైపు నేల మీద పడి ఉంది, దానిమీద పరీక్ష పేపరులో తప్పుకు కొట్టినట్టు పెద్ద ఇంటూ గుర్తు. పైపు కిందికుంటే పోసిన నీళ్లు పోసినట్టే జారిపోతాయి, మిషను నిండదు. ఇంతే సంగతి.

గంగామణికి పదిమందిలో గొంతు పెగలదు. బడిలో హాజరు పలకడానికే రెండుసార్లు పిలిపించుకునేది. అయినా ధైర్యం చేసింది.

"దొర్సాని, పైపు..."

పక్క నుంచి చంద్రవ్వ ఆమె తొడ మీద కండ పట్టి మెలిపెట్టింది.

"ఏందే పోరి?" అంది సరళాదేవి.

"ఏం లేదు దొర్సాని. పోరికి ఆకలైతుందట," అంది చంద్రవ్వ. తర్వాత మనుమరాలి చెవిలో, "అది నడిస్తే మన నోట్ల మన్నే. సప్పుడు జెయ్యక కూసో," అంది.

గంగామణి పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేసింది.

సరళాదేవి మాత్రం ఊరుకోలేదు. సబ్బుపొడి చాలకే మిషనుకు పౌరుషం రావడం లేదని తేల్చి, ఇంకో రెండు గిన్నెలు కుమ్మరించింది. మేడ మీది ట్యాంకు ఖాళీ అయింది. మోటారు వేద్దామంటే కరెంటు చాలక అది మూలుగుతోంది. దాంతో రాయమల్లు బావి దగ్గర నుంచి బకెట్లు మోయడం మొదలుపెట్టాడు.

"ఎన్ని వొయ్యాలె దొరా?" అన్నాడు పదిహేనో బకెట్‌కు.

"నిండెదాంక."

"నిండుతలే గదా దొరా."

"నిండలేదు కాబట్టే పొయ్యిమంటున్న. నీకు తెలివి ఎప్పుడొస్తదిరా?"

ఇంతలో గోడ అవతల కేకలు లేచాయి. జైపాల్‌రావు పెరట్లో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు కొమ్ములను గోనెపట్టాలో వేసి రుద్దుతున్నారు. తూములోంచి సబ్బునురగ మోకాలెత్తున పొంగి వచ్చి ఆ పసుపంతా ముంచేసింది.

"ఓ కొండల్‌రావు! నా పసుపుకు తానం పోస్తున్నవా?" అని జైపాల్‌రావు అరిచాడు.

"నీళ్లు ఈశాన్యానికి పోతున్నయి జైపాలూ, నేనేం జేస్త? శాస్త్రం!"

"గది నీకు ఈశాన్యమైతే నాకు నైరుతిరా! నైరుతిల నీళ్లు పడితే ఇల్లు నాశనమంటరు!"

శాస్త్రం మీద శాస్త్రం పడింది. జైపాల్‌రావు జవాబు కోసం ఆగలేదు. పసుపు రుద్దిన గోనెపట్టాను ముద్దగా చుట్టి, తన వైపు నుంచి తూములో కుక్కి, దాని మీద బండరాయి దొర్లించాడు.

సరిగ్గా అదే సమయానికి ఇటువైపు సరళాదేవి ఎండుమిరపకాయలూ ఉప్పూ గుప్పిట్లో పట్టుకుని మిషనుకు దిష్టి తీస్తోంది. మూడోసారి తిప్పిందో లేదో, మిషనులో నీళ్లు నిలబడ్డాయి. పైకి లేచాయి. నిండాయి. గుర్రుమంటూ మిషను తిరగడం మొదలైంది.

"జూసిన్రా! దిష్టి!" అంది సరళాదేవి. ఆమె చూపు చంద్రవ్వ మీదికి పోయి అక్కడే ఆగింది. "ఎవల కండ్లు పడ్డయో నాకు తెల్వదనుకుంటున్నరు."

గంగామణికి అసలు సంగతి అర్థమైంది. తూము మూసుకుంటే పైపు మూసుకుంది, అందుకే నిండింది. మరి ఉతికిన నీళ్లు ఎటు పోతాయి? అడగాలనుకుంది. బాపమ్మ వేళ్లు ఇంకా తొడ మీదే ఉన్నాయి.

కొండల్‌రావు కుర్చీ తెప్పించుకుని మిషను ముందు కూర్చున్నాడు. పావుగంట సేపు సినిమా చూసినట్టు చూశాడు. తర్వాత మిషను ఒక క్షణం ఆగి, మురికినీళ్లను బయటికి నెట్టింది. నీళ్లు పోయి గోనెపట్టాకు కొట్టుకున్నాయి, దారి లేక వెనక్కి తిరిగాయి. గుడ్డ పీలికలు ఫట్టుమని ఎగిరిపడ్డాయి. పైపు తూములోంచి జారి, బుసకొట్టే పాములా మెలికలు తిరుగుతూ కొండల్‌రావు లుంగీ మీద, లుంగీలోపల, మొహం మీద నీళ్లు కొట్టింది. వెనకే తూములోంచి, గోనెపట్టాలోని పసుపును కడుక్కుని, నీళ్లు తన్నుకొచ్చి వరండా అంతా పారాయి.

"బట్టలు తియ్యిండ్రి! బట్టలు పాడైతయి!" అంటూ ఆయన మూత ఎత్తి, సబ్బు ఓడుతున్న పద్నాలుగు తెల్లబట్టలనూ రెండు చేతులా లాగి కింద పడేశాడు. కింద పసుపునీళ్లున్నాయి.

పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ముప్ఫై ఏళ్లుగా చాకిరేవులో ఉన్న చంద్రవ్వకు తెలుసు. మిగిలినవాళ్లు అప్పుడే తెలుసుకున్నారు. ధోవతులు చూస్తుండగానే ఎర్రబడ్డాయి. లాల్చీలు ఇంకా ఎర్రబడ్డాయి. వరండాలో మేకను కోసినట్టుంది.

"అమ్మో, నెత్తురు!" అని సరళాదేవి గోడకు అతుక్కుపోయింది. "గీ ముసల్ది ఏమో జేసింది! దాని పని పోతదని మిషిన్ మీద ఏమో పెట్టింది! తెల్లబట్టలు ఎర్రగెట్లయితయి? నడువ్ చంద్రవ్వ, ఇగ నా గడప తొక్కకు! ఊరందరికీ చెప్త, ఏ ఇంటోళ్లు నీకు గుడ్డ ఇయ్యకుండ చెప్త!"

చంద్రవ్వ లేవబోయింది. మోకాళ్లు లేవనివ్వలేదు. ముప్ఫై ఏళ్లలో ఆ ఇంటి గుడ్డ ఒక్కటైనా పోగొట్టిన మనిషి కాదు. గంగామణి తొడ మీద ఆమె పట్టు వదిలిపోయింది.

"పైపు!" అంది గంగామణి.

అంత పెద్ద గొంతు తనదేనని ఆమెకే తెలియదు. అందరూ తిరిగి చూశారు. అప్పుడు ఆగితే మళ్లీ మాట రాదని భయమేసి ఒక్క గుక్కలో చెప్పేసింది.

"మా బాపమ్మ ఏం జెయ్యలే. పైపు కిందికి పెట్టిన్రు, అందుకే నిండలే. అవుతల తూము మూసిన్రు, అందుకే నిండింది. పసుపుకు సబ్బు తాకితే ఎర్రగైతది, ఎవ్వలు జేసినా అయితది. గీ పుస్తకంల బొమ్మున్నది."

ఎవరూ ఏమీ అనకముందే పైపు కొస పట్టుకుని లేపి, బట్టలారేసే తాడు ముక్కతో కిటికీ చువ్వకు నడుమెత్తున కట్టి, దాని నోటి కింద బకెట్ పెట్టింది. మీట తిప్పింది. కరెంటు కోలుకోవడంతో మోటారు అప్పటికే ట్యాంకు నింపుతోంది. ఖాళీ మిషను బుద్ధిగా నిండింది, ఆగింది, తిరగసాగింది.



"నేను గదే అంటున్న పొద్దటి సంది," అన్నాడు కొండల్‌రావు, లుంగీ పిండుకుంటూ. "పైపు మీదికుండాలె అని."

"అవు దొరా," అన్నాడు రాయమల్లు.

గంగామణి బాపమ్మ వైపు చూసింది. ముసలిదాని పేరు నిలబడింది, కూడు పోయింది. మిషను బాగుపడింది గదా, ఇక చాకలి దేనికి? తన కాలేజీని తన చేత్తోనే ఆ కిటికీ చువ్వకు కట్టేసినట్టయింది.

అప్పుడే ముందు వాకిట్లో కారు హారను మోగింది.

సరళాదేవి ఎర్రబట్టలను చూసింది, తెల్లటి మిషనును చూసింది, కళ్లు పెద్దవి చేసింది. "రాయమల్లు, నేల కడుగు! ఇగో పోరి, గీ గుడ్డలు మూట కట్టు, జల్ది! వదినె కండ్ల పడొద్దు!"

"మిషిన్ల వెయ్యాల్నా దొర్సాని? మంచిగ నడుస్తున్నది," అంది గంగామణి.

"నీకేమన్న తెలివున్నదా? గీ ఎర్రటియి ఏస్తే మిషిన్ ఎర్రగైతది! రేపటి సంది మురికియి గూడ ఎయ్య. గంత పైస పెట్టి కొన్నది మురికి గుడ్డలకా?" మూట ఆమె నెత్తిన పెట్టి, చంద్రవ్వ రెక్క పట్టి లేపి, ఇద్దరినీ దొడ్డి తలుపు వైపు నెట్టింది. "మీరే ఉతుక్కరాండ్రి. రోజు ఎట్లొస్తరో గట్లనే రాండ్రి. ముందటి వాకిట్లకెళ్లి మాత్రం రాకుండ్రి, ఎవ్వలకు చెప్పకుండ్రి."

"మరి గది ఊకె తిరుగుతున్నది, బంద్ జెయ్యాల్నా?"

"తిరగనియ్యి! వదినెకు సప్పుడు ఇనవడాలె!"

దొడ్డి తలుపు గంగామణి మొహం మీదే దబ్బున పడింది. లోపల గొళ్లెం పడింది. దాని వెనుక మిషను, నిర్మలాదేవి కోసం, శుభ్రమైన నీళ్లను శ్రద్ధగా ఉతుకుతోంది.