సమాచారదాత నంబరు ఇరవై ఏడు

ఒక్క మనిషికి సరిపడా బియ్యం కడుగుతూ దమయంతి గోడ మీది పిల్లితో "మా అమ్మ ఉన్నప్పుడైతే" అనబోయింది గాని, ఆ మాట రెండేళ్ల కిందటే యూనివర్సిటీ లైబ్రరీలో జమ అయిపోయినందువల్ల నోటి నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆమె కంగారుపడలేదు. కడుగునీళ్లు అరటిమొక్క మొదట్లో పోసి, ఎసరు పెట్టి, పిల్లితో వాన గురించి మాట్లాడింది. వాన గురించిన మాటలు ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి.

బట్టీల్లో కాల్చిన జీడిపిక్కలు కొట్టి చేతులు నల్లబారిన ఆడవాళ్ల బతుకుల మీద పరిశోధన చెయ్యడానికి శరణ్య అనే అమ్మాయి ఆ ఊరు వచ్చింది. ఒక్కొక్కరి దగ్గర ఆరు రోజులు కూర్చుని ఎనభై నాలుగు ప్రశ్నలు అడిగింది. మొదటి రోజే సమ్మతి పత్రం చదివి వినిపించి సంతకం తీసుకుంది. అందులో అయిదో షరతు ప్రకారం, చెప్పిన సంగతులన్నీ సిద్ధాంత గ్రంథం ఆన్‌లైన్‌లో చేరిన నాటి నుంచి చెప్పినవాళ్ల నోట ఉండవు. ఒకే సంగతి రెండు చోట్ల ఉంటే దేన్ని మూలంగా తీసుకోవాలో తర్వాత వచ్చే పరిశోధకులకు తెలియదు కదా. షరతు మాటకీ రాతకీ కూడా వర్తిస్తుంది. గుర్తుకి మాత్రం వర్తించదు. ఎవరికి గుర్తున్నవి వాళ్లు ఉంచుకోవచ్చు.

ఈ ఒక్క ఊళ్లోనే పన్నెండుమంది అలా ఇచ్చారు. పక్కింటి మోహినమ్మ మొహమాటం లేని మనిషి, దాచుకోకుండా అంతా చెప్పేసింది. ఇప్పుడు ఆమె దగ్గర "సరే", "ఉప్పు లేదు" అనే రెండే మిగిలాయి. కోడలు అత్త మంచిదని అందరికీ చెప్పుకుంటోంది. దమయంతి దగ్గర అంతకంటే ఎక్కువే మిగిలాయి. పిల్లుల గురించి శరణ్య అడగలేదు. బస్సు ఆలస్యం గురించి, పక్క వీధి పెళ్లిళ్ల గురించి అడగలేదు. వాటితో రోజు గడిచిపోతుంది.

ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదన్నది కూడా చెప్పాలి. అమ్మ పోయాక ఆ ఇంట్లో దమయంతిని ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. పనిలో మేస్త్రి "ఎన్ని కేజీలు?" అంటాడు, అంతే. అలాంటిది ఒక చదువుకున్న పిల్ల చాప మీద కూర్చుని, "మీ అమ్మగారికి జబ్బు చేసినప్పుడు మీరెలా ఉన్నారు?" అని అడిగి, చెప్పేదాకా కళ్లలోకి చూస్తూ ఆగింది. దమయంతి ఆరు రోజులూ రెండేసి సార్లు టీ పెట్టింది. ఎనభై నాలుగో ప్రశ్న అయిపోయినప్పుడు, "ఇంకే ప్రశ్నలూ నేవా, అమ్మా?" అంది. శరణ్య ఆ మాట కూడా రాసుకుంది. అందుచేత అదీ పోయింది.

బియ్యం కడిగిన ఆ రోజే మధ్యాహ్నం బస్సులో బృందావతి వచ్చింది.

బృందావతి దమయంతికి ఒక్కగానొక్క చెల్లెలు. ఇరవై ఏళ్ల వయసులో అమ్మతో మాటా మాటా అనుకుని ఇల్లు విడిచి, బరంపురంలో బట్టల కొట్టు మనిషిని చేసుకుంది. తొమ్మిదేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు కబురందినా రాలేదు. ఇప్పుడు చేతిలో ఒక సంచీతో, మొహం పీక్కుపోయి, గుమ్మంలో నిలబడింది.

"లోపలికి రమ్మంటావా, ఇటునుంచిటే ఎల్లిపోమంటావా, అప్పా?"

"కాళ్లు కడుక్కో. అన్నం ఉడుకుతోంది," అంది దమయంతి. అదృష్టవశాత్తు ఆ మాటలు ఉన్నాయి.

బృందావతి అన్నం ముందు కూర్చుంది గాని ముద్ద ఎత్తలేదు.

"మా అత్త పోనాది. పోయే ముందు నా సెయ్యి పట్టుకుని, 'మంచిదానివే' అంది. నాతో పదిహేనేళ్లు కయ్యమాడిన మనిషి. ఆ రోజు నుంచి నాకు కునుకు లేదప్పా. పరాయిది, అదే ఒక మాట అన్నాదే, కన్నది ఏటందో నాకు తెల్దు. నువ్వే కదా దగ్గరున్నావు. అమ్మ ఆఖర్న నన్నేటంది? తిట్టినా పర్లేదు. సెప్పు."

దమయంతికి అది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది.

"పిల్లి మొన్న నాలుగు పిల్లల్ని పెట్టింది," అంది.

"నా మీద ఇంకా కోపమేనా?"

"కోపం కాదే. ఆ మాట లైబ్రరీలో ఉన్నాది."

బృందావతి కాసేపు ఆలోచించింది. రేషను కార్డు వేరే ఊళ్లో ఉందని తెలిసినప్పుడు మనుషులు ఆలోచించినట్టు ఆలోచించింది. "ఏ లైబ్రరీ? ఎన్ని గంటల దాకా తీసుంటారు?" అంది.

పంచాయతీ ఆఫీసులో కంప్యూటర్ చూసే ఢిల్లేశ్వరరావుకి ఇలాంటివి అలవాటే. వారానికి ఒకరైనా తమవాళ్ల మాటల కోసం వస్తారు. అతను యూనివర్సిటీ లైబ్రరీ పేజీ తెరిచి, "సామాజిక శాస్త్ర పరిశోధకులకు మార్గదర్శిని" అన్నచోట నొక్కాడు.

"మొదటి మెట్టు, మీ అంశాన్ని స్పష్టంగా నిర్ణయించుకోండి, అంటన్నాది. మీ అంశం ఏటమ్మా?"

"మా అమ్మ," అంది బృందావతి.

ఢిల్లేశ్వరరావు "అమ్మ" అని కొట్టాడు. రెండు లక్షల అరవై వేల ఫలితాలు వచ్చాయి. "బోల్డుమంది అమ్మలున్నారు," అని దమయంతి పేరు కొట్టాడు. ఒక్కటీ రాలేదు. అమ్మ పేరు కొట్టాడు. అదీ రాలేదు. పేజీ మూలన "లైబ్రేరియన్‌ని అడగండి" అని చిన్న గడి ఉంది. అందులో రాస్తే రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. మర్యాదగల జవాబు. మనుషులను పేరుతో వెతకడం అనుభవం లేని పరిశోధకులు సాధారణంగా చేసే పొరపాటనీ, విషయ శీర్షికతో వెతకమనీ అందులో ఉంది. దయతలచి వాళ్లే శీర్షిక కూడా ఇచ్చారు: జీడి పరిశ్రమ, మహిళా కార్మికులు, వృద్ధుల సంరక్షణ, మరణం.

ఈసారి ఒకే ఒక్క గ్రంథం వచ్చింది. మూడువందల నలభై పేజీలు. అందులో సమాచారదాత నంబరు ఇరవై ఏడు, కమల, పేరు మార్చడమైనది.

"ఈ కమల నువ్వేనా, పిన్నీ?"

"నేనే."

"బాగున్నాది పేరు," అన్నాడు ఢిల్లేశ్వరరావు. పూర్తి పాఠం నొక్కితే, అది యూనివర్సిటీ సభ్యులకు మాత్రమే అని వచ్చింది. అతను గడిలో, ఇరవై ఏడో నంబరు మనిషి స్వయంగా ఇక్కడే కూర్చుని ఉందనీ, తన మాట తాను చూసుకోవాలనుకుంటోందనీ రాశాడు. జవాబు వచ్చింది. సమాచారదాతల గోప్యతను కాపాడటం లైబ్రరీ బాధ్యత అనీ, అందుచేత ఇరవై ఏడో నంబరు ఎవరన్నది ఎవరికీ చెప్పరనీ, ఆ ఎవరిలో ఇరవై ఏడో నంబరు కూడా ఉంటుందనీ.

"నాయమే మరి," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "రేపెవడో వొచ్చి నేనే ఇరవై ఏడు అంటే?"

సారాంశమూ పట్టికలూ మాత్రం అందరూ చూడవచ్చు. నాలుగో అధ్యాయంలో ఏడో పట్టిక: "మరణ సమయంలో తల్లి, ఇంట లేని సంతానాన్ని తలిచిన తీరు." ప్రేమతో తలిచినవారు నలభై ఒక్క శాతం. కోపంతో తలిచినవారు ఇరవై రెండు. తలవనివారు ఇరవై ఎనిమిది. ఇతరాలు తొమ్మిది.

బృందావతి తెర మీదికి వంగి నాలుగు గళ్లనూ చూసింది. "మనమ్మ ఎందులో ఉన్నాది, అప్పా?"

దమయంతికి తెలిసింది అమ్మ ఏమందో మాత్రమే. శరణ్య ఆ మాటని ఏ గడిలో వేసిందో తెలియదు. కనీసం మంచి మాటేనని తల ఊపుదామనుకుంది. మెడ కదలలేదు. శరణ్య శ్రద్ధగల పిల్ల, సైగలు కూడా రాసుకుంది. సమాచారదాత మెల్లగా తల ఊపారనీ, కళ్లనీళ్లు పెట్టుకున్నారనీ, కొంగుతో మొహం తుడుచుకున్నారనీ బ్రాకెట్లలో ఉంది. కనుక ఈ సంగతి మీద దమయంతికి మెడ లేదు, కన్నీళ్లు లేవు, కొంగు మొహం దాకా రాదు. ఆమె కుర్చీలో తిన్నగా కూర్చుని, బస్సు టైము చూసేవాళ్లలా తెరని చూస్తూ ఉంది.

"రాతిగుండె మనిషివి," అంది చెల్లెలు.

"పిన్నిని అనకమ్మా, ఆవిడ తప్పేటి లేదు," అని ఢిల్లేశ్వరరావు మార్గదర్శిని అడుగుదాకా జరిపాడు. ఆఖరి మెట్టులో ఒక దారి ఉంది. లైబ్రరీవారు కొత్తగా ఒక అధ్యయనం మొదలుపెట్టారు. "కుటుంబ సభ్యుల మధ్య తగ్గుతున్న సంభాషణ: కారణాలు, పరిష్కారాలు." అందులో ఫారం నింపినవారికి కృతజ్ఞతగా, కోరిన గ్రంథంలో కోరిన పేజీ చదువుకోవడానికి ఒక రోజు అనుమతి ఇస్తారు. ఎనభై నాలుగు ప్రశ్నలు. షరతులు మామూలే. ఆన్‌లైన్ ఫారం కాబట్టి రెండేళ్లు ఆగనక్కర్లేదు, పంపగానే జమ అవుతుంది.

"ఏటి పోతాది? నింపుతాను," అంది బృందావతి.

"వద్దే," అంది దమయంతి.

ఆ మాట ఇంకా తన దగ్గర ఉందని ఆమెకే అప్పుడు తెలిసింది. శరణ్యతో గడిపిన ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా దాన్ని వాడలేదు. "వద్దు బృందా. వద్దంటే వద్దు."

"ఎందుకొద్దు?"

ఎందుకో చెప్పాలంటే తన దగ్గర పోయినవేవో చెప్పాలి, అవి లైబ్రరీలో ఉన్నాయి.

"నువ్వు సెప్పవు. ఇంకెవరో సెప్తానంటే ఒద్దంటావు. ఎప్పుడూ ఇంతే నువ్వు," అని బృందావతి కుర్చీ ముందుకు లాక్కుంది.

ఆఫీసు మూసేవేళ దాకా ఆమె నింపుతూనే ఉంది. మొదట్లో ఢిల్లేశ్వరరావు చదివితే ముక్తసరిగా జవాబిచ్చింది. ఇరవయ్యో ప్రశ్న దాటాక గొంతు మారింది. మీరు ఇల్లు విడిచిన రోజు ఎవరు ఏమన్నారు? మీకు అక్కతో ఉన్న మొదటి జ్ఞాపకం ఏమిటి? తల్లి మరణవార్త అందినప్పుడు ఎందుకు వెళ్లలేదు? బృందావతి చెప్తోంది, అతను కొడుతున్నాడు. పక్క బల్ల మీద కూర్చుని దమయంతి అంతా విన్నది. బస్సెక్కి పలాస దాకా వచ్చిందట. బస్టాండులో దిగి, తనను చూసి అప్ప ఏమంటుందోనని జడిసి, మూడు గంటలు బల్ల మీద కూర్చుని వెనక్కి వెళ్లిపోయిందట. ఆ సంగతి తొమ్మిదేళ్లలో ఎవరికీ చెప్పలేదట. ఎవరూ అడగలేదట. చెల్లెలి వీపు మీద చెయ్యి వేద్దామని దమయంతి లేచింది గాని, అప్పటికి ముప్పై ఆరో ప్రశ్న నడుస్తోంది, మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి నింపాలని ఢిల్లేశ్వరరావు అన్నాడు. ఆమె కూర్చుండిపోయింది.

డెబ్బై తొమ్మిదో ప్రశ్నకి జవాబులు ముందే ఇచ్చి ఉన్నాయి. దుఃఖం కలిగినప్పుడు మీరు ఏం చేస్తారు? ఏడుస్తాను, మౌనంగా ఉంటాను, దగ్గరివాళ్లను పట్టుకుంటాను, ఎవరితోనైనా చెప్పుకుంటాను. వర్తించేవన్నీ గుర్తించవచ్చు. బృందావతి అన్నీ గుర్తించమంది. ఆఖరి ప్రశ్న, ఇంటి నుంచి వెళ్లేటప్పుడు మీరు సాధారణంగా ఏమంటారు? "ఎల్లొస్తానంటాను. ఇంకేటంటాం?" అంది నవ్వి. అతను పంపు అన్నచోట నొక్కాడు.

"అయిపోనాది. ఎలాగున్నాదమ్మా?"

బృందావతి నోరు తెరిచి, మూసి, కొట్టులో కొత్త చీరలు దిగాయని చెప్పింది.

అనుమతి మర్నాడు పొద్దున్న ఆమె ఫోన్‌కి వచ్చింది. ఏడో పట్టిక కింద ఇచ్చిన పేజీ, రెండువందల పదకొండు. వంటింటి గడపలో కూర్చుని చదివింది. దమయంతి ఎదురుగా పీట మీద కూర్చుంది. చదవడం అయ్యాక బృందావతి ఫోన్ అక్క వైపు తిప్పింది. దమయంతి కూడబలుక్కుని చదువుకుంది.

"సమాచారదాత 27: ఆఖర్న మా అమ్మకి తెలివి తప్పింది. చెల్లి ఇంకా చిన్నపిల్లే అనుకుంది. గుంటని బట్టీకాడికి రానీకే, దాని సేతులు నల్లబడిపోతాయి అంది. రెండు మార్లు అంది. ఇంక మాటాడలేదు."

దాని కింద చిన్న అక్షరాలతో ఉంది: "ఈ వాక్యంలో భావోద్వేగ సూచన గాని, సంతానం పేరు గాని లేనందున, వృత్తిపరమైన ప్రస్తావనగా పరిగణించి, పట్టిక 4.7లో 'ఇతరాలు' కింద చేర్చడమైనది."

బృందావతి చేతులు ఒళ్లో ఉన్నాయి. బట్టలు మడతపెట్టే చేతులు, తెల్లగా ఉన్నాయి. ఆమె వాటిని తిప్పి చూసుకుంది. దమయంతి చెల్లెలి మొహం వైపు చూసింది. ఏడుస్తుందేమో, నవ్వుతుందేమో, అమ్మ మాట ఆమెకు చాలిందో లేదో, ఏదో ఒకటి కనిపిస్తుందని చాలాసేపు చూసింది. ఆ మొహం ఫారం నింపిన మొహం. అందులో ఏమీ కనిపించలేదు. తన మొహంలోనూ ఆమెకు ఏమీ కనిపించి ఉండదని దమయంతి అనుకుంది. ఇద్దరి జవాబులూ ఒకే లైబ్రరీలో పక్కపక్కనే ఉన్నాయి. అక్కడైనా పక్కపక్కనే ఉన్నందుకు ఆమెకు కొంత నెమ్మది కలిగింది.

అనుమతి గడువు ముగియడానికి ఇంకా చాలా గంటలు ఉన్నాయి గాని, చదవడానికి ఇంకేమీ లేదు. దమయంతి టీ పెట్టింది. ఇద్దరూ తాగారు. బృందావతి గ్లాసులు కడిగి బోర్లించి, సంచీ తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర "ఎల్లొస్తాను" అనబోతే గాలి వచ్చింది. పంపు దగ్గర బిందె నింపుకుంటున్న మోహినమ్మ కోడలు అటు చూసి, అందులో వింత ఏమీ లేదు కనుక, మళ్లీ బిందె చూసుకుంది. చెప్పకుండా వెళ్లడాన్ని ఆ ఊళ్లో ఎవరూ తప్పుగా అనుకోరు. ఏ పరిశోధనా జరగని ఊళ్లలో కూడా ఇళ్ల నుంచి మనుషులు అలాగే వెళ్తున్నారని వాళ్లు విన్నారు. బృందావతి చెప్పులు వేసుకుంది, సంచీ భుజానికి తగిలించుకుంది, ఒక్క మాటా లేకుండా గడప దాటి బస్సు వైపు నడిచింది.