వెయ్యో చెట్టు

అడవిని కాపాడటానికి మానవజాతి కనిపెట్టిన సాధనాల్లోకెల్లా మహత్తరమైనది బోర్డు. గొడ్డలికి అడవి భయపడుతుంది, గొడ్డలి పట్టినవాడు బోర్డుకి భయపడతాడు, బోర్డు మాత్రం ఎవరికీ భయపడదు (వానకి తప్ప, అదీ రంగు చవకదైతే). కాబట్టి కాలనీ వెనక గుట్టమీది సర్కారు అడవిని ‘ప్రజా వన సారథ్య పథకం’ కింద కాలనీవాళ్ళకే అప్పగించినప్పుడు, కమిటీ అధ్యక్షుడిగా బోర్డులు రాసే పెయింటర్‌ని ఎన్నుకోవడంలో వింతేమీ లేదు. పోటీకి ఇంకెవరూ నిలబడలేదన్నది వేరే సంగతి. అధ్యక్షుడైతే బోర్డులు ఊరికే రాస్తాడన్నది ఇంకా వేరే సంగతి.

పెయింటర్‌కి ఆ రోజు కాళ్ళు నేలమీద ఆనలేదు. ‘ఇక్కడ చెత్త వేయరాదు’ అని తాను రాసిన ప్రతి గోడ కిందా చెత్త గుట్టలు పడటం కళ్ళారా చూసిన మనిషి. తన రాతని ఖాతరు చేసే రాజ్యం ఇన్నాళ్ళకి దొరికింది. గుట్ట మొదట్లో, సరిగ్గా తన వంటింటి వెనక, మొదటి బోర్డు పాతాడు: ‘ఈ అడవి మనది.’ దాని కిందే కాస్త చిన్న అక్షరాల్లో: ‘లోపలికి ప్రవేశం లేదు.’

అడవి సర్కారుదిగా ఉన్నన్నాళ్ళూ కాలనీవాళ్ళు పొద్దున నడకకీ, పొయ్యిలోకి పుల్లలకీ చెప్పాపెట్టకుండా పోయేవాళ్ళు. అది తమదయ్యాక పాస్ కావాల్సి వచ్చింది. పాసులిచ్చేది కార్యదర్శి. ఆయన రిటైరైన బస్సు కండక్టర్, ఉద్యోగం వదిలినా ఈల వదల్లేదు. కంచె సందు దగ్గర కుర్చీ వేసుకుని, “దిగేవాళ్ళని దిగనివ్వండి, తర్వాత ఎక్కండి” అనేవాడు. అడవి ఎక్కడమేమిటని ఎవరూ అడగలేదు. గుట్ట కాబట్టి సరిపోయింది.

బతికున్న ప్రతి చెట్టుకీ తెల్లరంగుతో నంబరు వేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. వెయ్యి చెట్లున్న కమిటీకి షీల్డు ఇస్తారట. పెయింటర్ బ్రష్షు పట్టుకుని గుట్టంతా తిరిగాడు. చివరికి ఒక్కటంటే ఒక్క చెట్టు తక్కువైంది.

“ఒక్క సీటు ఖాళీగా బండి తీయడం నా సర్వీసులో లేదు ప్రెసిడెంటు గారూ,” అన్నాడు కండక్టర్ బాధగా.

అప్పుడు పెయింటర్ చూపు తన వంటింటి వెనకున్న చెట్టు మీద పడింది. అది ఎండిపోయి చాలా కాలమైంది. ఆకు లేదు, చిగురు లేదు, వంటింటి రేకుల వైపు ఒరిగి, ఏదో అడగబోతున్న ముసలాయనలా ఉంది. ఎండితే ఏం, నిలబడి ఉందిగా అనుకున్నాడు పెయింటర్ (కమిటీలో సగం మందిని అలాగే లెక్కవేశారు). ఒకటి వేసి, పక్కన మూడు సున్నాలు చుట్టాడు. సున్నాని గుండ్రంగా వేయడం అనుకున్నంత తేలిక కాదు. ఆ మూడూ నాణేల్లా కుదిరాయి.

షీల్డు వచ్చింది. పెయింటర్ ఇంటి ముందు గదిలో టీవీ పైన దాన్ని పెట్టారు. ఆ వారంలోనే వనపాలన సమన్వయాధికారి నుంచి మరో ఆదేశం వచ్చింది: నంబరున్న చెట్టు సజీవమైనది, సజీవమైన చెట్టుని ముట్టుకోరాదు.

“ఏవండీ,” అంది పెయింటర్ భార్య ఒక పొద్దున, “ఆ చెట్టు నిన్నటికంటే ఇవాళ ఇంకాస్త వంగింది. నేను పోపు పెడుతుంటే రేకుల మీద బెరడు టపటపా రాలుతోంది. నేను దాని కింద నిలబడే వంట చేస్తున్నాను, గుర్తుందా? ఎవరినైనా పిలిచి కొట్టించండి.”

“అలా కొట్టించకూడదు. దరఖాస్తు పెట్టాలి.”

“ఎవరికి?”

“అధ్యక్షుడికి.”

“అధ్యక్షుడెవరు?”

పెయింటర్ గొంతు సవరించుకుని, “నేనే,” అన్నాడు.

ఆవిడ గరిటె కిందపెట్టి ఆయన వంక చూసింది. కాపురం మొదలైన నాటినుంచీ ఆయన రాసిన బోర్డు ఒక్కటి కూడా బాగుందని ఆవిడ నోటివెంట రాలేదు. ఆ రోజు కూడా రాలేదు.

పెయింటర్ దరఖాస్తు రాసుకుని కమిటీ గదికి వెళ్ళాడు. నేరుగా లోపలికి పోబోతుంటే కండక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. “దరఖాస్తుదారులు బయట బెంచీమీద కూర్చోవాలి. ఆ బోర్డు రాసింది మీరే.” నిజమే, తానే రాశాడు, నీలం మీద పసుపు. కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నా పిలుపు రాలేదు.

“ఏమైందండీ?” అని అడిగాడు చివరికి.

“అధ్యక్షుడు గారు ఇంకా లోపలికి రాలేదు,” అన్నాడు కండక్టర్. “వస్తే చెబుతాను. పెద్ద మనుషులు, పది పనులుంటాయి.”

పెయింటర్‌కి అధ్యక్షుడి మీద నిజంగానే కోపం వచ్చింది. జనం బయట పడిగాపులు కాస్తుంటే ఎక్కడ తిరుగుతున్నాడో! మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి, ఆ రేకుల కిందే కూర్చుని తిన్నాడు. భార్య వడ్డించి, పైన రేకుల వంక ఒకసారి చూసింది.

దరఖాస్తు లేకుండా ఒక ఉపాయం ఉందని ఆయనకి తెలియక కాదు. నంబరు చెరిపేస్తే చాలు, చెట్టు తక్షణం చచ్చిపోతుంది. మర్నాడు భార్య పక్కింటికి వెళ్ళిన సమయం చూసి, గుడ్డని కిరసనాయిల్లో తడిపి చెట్టు దగ్గరికి వెళ్ళాడు. ఎండ ఏటవాలుగా పడి మూడు సున్నాలూ మెరుస్తున్నాయి. మూడోదాని అంచు మాత్రం ఒకచోట కాస్త పెచ్చు లేచింది. అది చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. ఇంట్లోకి వెళ్ళి బ్రష్షు తెచ్చి, సున్నా సరిచేసి వచ్చాడు.

ఆ నెలాఖరుకి సమన్వయాధికారి స్వయంగా తనిఖీకి వచ్చాడు. పెయింటర్ భార్య ఆయన్ని నేరుగా పెరట్లోకి తీసుకెళ్ళి చెట్టు చూపించింది.

“బాబూ, ఇది బతికుందా? మీరే చెప్పండి.”

అధికారి ముందు నంబరు చూశాడు, తర్వాత పక్కనే ఉన్న పెయింటర్‌ని చూశాడు. “దీనికి చాలా సులువైన పద్ధతి ఉందమ్మా. చెట్టు ఎండిపోయిందని అధ్యక్షుడు గారు నోటితో చెబితే చాలు, రేపే కొట్టించేస్తాం. షీల్డు మాత్రం వెనక్కి తీసుకుంటాం, అంతే.”

రెండే మాటలు: చెట్టు ఎండిపోయింది. పెయింటర్ నోరు తెరిచాడు. భార్య ఆయన వైపు చూస్తోంది. కిటికీలోంచి టీవీ మీద షీల్డు తళుక్కుమంది.

“చిగురిస్తుందేమో సార్,” అన్నాడు. “ఒక్క వాన చూద్దాం.”

అన్న మరుక్షణమే ఆయనకి సిగ్గేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తాను రచ్చ గెలిచి ఇంటిని తాకట్టు పెట్టాడు. మనసులో తన నెత్తిన తానే ఒక మొట్టికాయ వేసుకున్నాడు గానీ, పైకి మాత్రం అధికారికి కాఫీ ఇమ్మని చెప్పాడు. భార్య ఇచ్చింది. ఆ సాయంత్రమే పొయ్యిని వరండాలోకి మార్చుకుంది (భర్తని బాగా ఎరిగిన ఇల్లాలు చేసే పని అదే).

వాన వచ్చింది. చెట్టు చిగురించలేదు. రేకులు చీల్చుకుని వంటింట్లోకి దిగి, గట్టుమీద తల పెట్టుకుని పడుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెయింటర్ వర్షంలో తడుస్తూ భార్య చేయి పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు వచ్చిన అధికారి వంగి, మానుని తడిమి, “నంబరు చెక్కుచెదరలేదు, చాలా సంతోషం,” అన్నాడు.

“చెట్టు పడిపోయింది కదండీ!”

“పడటం వేరు, ఎండటం వేరు. చిగురిస్తుందని మీరే అన్నారు. సజీవ వృక్షం ఎంతవరకు ఉంటే అంతవరకు అడవేనని నిబంధన. మీ కమిటీ అడవి ఒక గది మేరకు పెరిగింది. నా అభినందనలు. ప్రవేశ ద్వారం దగ్గర బోర్డు తప్పనిసరి.”

కండక్టర్ ఈల వేసి కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మం ముందు కూర్చున్నాడు. పెయింటర్ బ్రష్షు తీశాడు. ఏం చేయాలో తోచనప్పుడు ఆయన చేసేది అదొక్కటే. తలుపు మీద జాగ్రత్తగా, కొలిచి, రాశాడు: ‘ఈ అడవి మనది. లోపలికి ప్రవేశం లేదు.’

భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వరండాలోంచి వచ్చి తలుపు ముందు నిలబడింది. ఒక్కో అక్షరాన్నీ నిదానంగా చదివింది.

“రాత చాలా బాగుందండీ,” అంది. “ఉప్పు డబ్బా లోపలుండిపోయింది. అధ్యక్షుడు గారు ఎప్పుడొస్తారో కాస్త కనుక్కోండి.”