కొరియా డీన్ గారిని సాగనంపడం

ఆ ఉదయం యూరియే వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదికి సంతకాలు, తొమ్మిదీ ఇరవైకి గేటు దగ్గర వీడ్కోలు, తొమ్మిదీ యాభై రెండుకి విమానాశ్రయం రైలు. జపాన్‌లోని ఓ విశ్వవిద్యాలయం విదేశీ విభాగంలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, మార్చితో సరి. ఈ కొరియా అతిథిని మాట రాకుండా సాగనంపితే పర్మినెంట్ సంగతి చూస్తామని పైవాళ్లు అన్నారు.

సంతకాలు అయ్యాయి. ఏటా అటు నుంచి పదిమంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు; ఇటు నుంచీ అంతే. డీన్ ప్యో గారు టాక్సీ ఎక్కారు. అధ్యక్షులు ముతాయి గారు, వెనక ఎనిమిదిమంది సిబ్బంది నడుములు వంచారు. కారు కనుమరుగయ్యేదాకా అలాగే ఉండాలి మరి. కానీ ముందురోజే రోడ్డు తవ్వి, గేటుకు వంద అడుగుల్లో తాత్కాలిక సిగ్నల్ ఒకటి పెట్టారు. టాక్సీ ఎర్రదీపం దగ్గర ఆగింది.

డీన్ గారు అద్దంలో చూశారు. డెబ్బై ఒక్కేళ్ల పెద్దమనిషి ఎండలో వంగి ఉంటే తాను సీట్లో కూర్చోవడమా? ఆ కొరియా పెంపకానికి అది మింగుడు పడలేదు. దిగి ఆయనా వంగారు. అతిథి వంగి ఉండగా లేవడం బాగుండదని వీళ్లు ఇంకాస్త వంగారు. ఈలోగా పచ్చదీపం వెలిగింది. వెనక బండ్లు ఆగి ఉండటంతో టాక్సీ సామానుతో సహా ముందుకెళ్లి మలుపులో నిలబడింది.

ఆయనేదో మరిచిపోయారనుకుని ముతాయి గారు గబగబా వెళ్లారు. డీన్ గారు జపాన్‌లో ఆరేళ్లు చదివినవారు కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మర్యాదతోనే.

"మీరు లోపలికి వెళ్లండి మాస్టారూ. మీరు వెళ్తేనే నేను కదిలేది."

"అతిథి నిలబడి ఉండగా నేను వెనక్కి తిరగడమా? బావుంది. ముందు మీరు కదలండి."

డీన్ గారు ఆయన్ని గేటు దాకా దిగబెట్టారు. దిగబెట్టినందుకు ముతాయి గారు ఆయన్ని సిగ్నల్ దాకా దిగబెట్టారు. అలా మూడుసార్లయ్యేసరికి రైలు వెళ్లిపోయింది. ఇంకొక్క రైలుంది. అదీ తప్పితే విమానం పోతుంది, దాంతోపాటు యూరియే ఉద్యోగమూ పోతుంది. ఆమెకి భయం వేసింది, భయాన్ని మించి చిరాకు వేసింది. వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఇద్దరూ వినండి. మూడు లెక్కపెడతాను. మూడనగానే ఇద్దరూ ఒకేసారి తిరిగి ఎవరి దారిన వాళ్లు నడవాలి. వెనక్కి చూడకూడదు."

అధ్యక్షుడితో ఆ గొంతుతో మాట్లాడినవాళ్లు ఆ ప్రాంగణంలో ఇంతవరకూ లేరు. మూడనగానే పెద్దలిద్దరూ బడిపిల్లల్లా తిరిగి నడిచారు. డీన్ గారికి రెండో రైలు అందింది, విమానమూ అందింది. యూరియే మాత్రం ఉద్యోగం పోయినట్టేననుకుని తన సొరుగు ఖాళీ చేసుకుంది.

మర్నాడు అధ్యక్షులు పిలిపించారు. ఆమె క్షమాపణ మొదలుపెట్టబోతే ఆపేశారు.

"పదకొండేళ్లుగా నాకు నడుం నొప్పమ్మా. ఆ మాట ఎవరో ఒకరు అనకపోతారా అని చూస్తూనే ఉన్నాను."

పర్మినెంట్ ఉత్తర్వు చేతిలో పెట్టారు. యూరియేకి సంతోషంతో కళ్లు చెమర్చాయి. వచ్చే నెల తాము కొరియాలో డీన్ గారి విశ్వవిద్యాలయానికి వెళ్లాలనీ, ఆమె తప్పకుండా వెంట ఉండాలనీ ఆయన చెప్పారు. అక్కడి అధ్యక్షుడికి ఎనభై రెండేళ్లట, అతిథుల్ని స్టేషన్ దాకా నడిచి సాగనంపుతారట.

యూరియే ఇప్పుడు కొరియా భాష నేర్చుకుంటోంది. మూడు దాకా అంకెలు వచ్చేశాయి.