బాలమణి వేడి చాయ విజయము

మానేటి యొడ్డున, మరమగ్గముల టకటక మిన్నుముట్టు సిరిసిల్ల పట్టణమున, పోలీసులకొక జవాబును ఎర్రజెండా పట్టిన అన్నలకొక జవాబును వెదుకుకొనుచు జనులు నోరు కట్టుకొని బ్రతుకుచున్న ఆ దినములలో, అన్నలు బందు పిలిచిన ఒకానొక శుక్రవారము, ప్రొద్దు పొడిచిన వేళ, మగ్గమునకు నూలు కండెలు చుట్టుటలో అప్రతిహత, పదునెనిమిదేండ్లుగా చల్లారిన చాయనే త్రాగి చాయ రుచి అదియే యనుకొన్న సహనసాగర, రాజమౌళి భార్య బాలమణి జీవితమున మొదటిమారు యుద్ధమునకు వెడలెను. రాజ్యము కొరకు కాదు. ఒక గ్లాసెడు చాయ కొరకు. వేడిగా, కూర్చుండి, అడుగంట.

ఈ సమరమునకు బీజము కోరుట్లలో పడెను. పది దినముల క్రిందట చెల్లెలింటికి పోయిన బాలమణి, ఎన్ని మాత్రలకును లొంగని తలనొప్పిని అచ్చటి డాక్టరమ్మకు చూపించెను. ఆ వైద్యశిఖామణి కంటిరెప్పలు లాగి చూచి, నెత్తురు లేదు, నిద్ర లేదని తేల్చి, రోజుకొక అరగంటయైన నీ కోసము కూర్చుందువా అని అడిగెను. బాలమణి తడుముకొనక, పొద్దంతయు కూర్చుండియే కండెలు చుట్టుదునని చెప్పెను.

"గది పని. నీ కోసం కూసునుడు వేరు. ఒక్క చాయన్న వేడిగ తాగు బిడ్డా. గిట్లనే ఉంటె ఇంకో ఏడాదికి రాట్నం కాడ్నే పడిపోతవు."

ఇంటికి వచ్చి ఈ వైద్యశాసనమును భర్తకు విన్నవింపగా, ఆ గృహసార్వభౌముడు పకపక నవ్వెను.

"అరగంట ఊకె కూసోని ఏం జేస్తవే?"

బాలమణి దగ్గర జవాబు లేకుండెను. తలనొప్పి కంటె ఆ సంగతియే ఆమెను ఎక్కువ పొడిచెను.

మగ్గము నడుచు దినములలో ఊరక కూర్చుండుట కలలోని మాట. కనుక బందు పేరు విన్నంతనే ఆమె హృదయము పొంగెను. మగ్గములాగును, కండెలతో పని యుండదు, చాలునని తలచెను. అయ్యో, మగ్గములాగెను గాని నోళ్లాగలేదు. బస్సులు నిలిచినందున జగిత్యాలకు పోలేక చిక్కుకొన్న ఇంటి అల్లుడు, రాజమౌళి చెల్లెలి మగడు విఠల్ ముందరి అర్రలో బైఠాయించి, కూలివాని చెమటను దోచుకొను దొరలను గూర్చి ప్రొద్దుటి నుండి గర్జించుచు, ఊపిరి తీసుకొనునప్పుడెల్ల ఖాళీ గ్లాసును వంటింటి వైపు చూపుచుండెను. రాజమౌళి తల యూపుచుండెను. అత్త శంకరవ్వ అల్లుని గ్లాసు నిండినదో లేదో కనిపెట్టుచుండెను.

ప్రొద్దుట మొదటి దండయాత్రలో బాలమణి పీట మీద కూర్చుండి గ్లాసును పెదవుల దాక తెచ్చెను. అంతలో అత్తగారి వక్కల సంచి కనబడదాయెను. ఆ సంచి అత్తగారి రొండిననే దొరికెను, చాయ చల్లారెను. రెండవమారు మగని బీడీలకు అగ్గిపెట్టె. మూడవమారు అల్లునికి చక్కెర చాలలేదు. ఈ మూడు పోరులందును ఆమె వీపు తిరిగిన క్షణమున శత్రుపక్షపు ఈగ యొకటి గ్లాసులో దూకి వీరమరణము పొందెను.

సాయంకాలము నాలుగు గంటలకు నాలుగవ చాయ కాచి ముగ్గురికి నిచ్చి వచ్చిన బాలమణి చూపు, రంగు దిగునేమో చూతమని తాను మధ్యాహ్నము నీళ్లలో నానవేసిన రెండు గజముల లంగా గుడ్డ మీద పడెను. అది వారి మగ్గము మీద నేయబడి, అద్దకము నుండి నిన్ననే తిరిగి వచ్చినది. కణకణలాడు ఎరుపు. ఈగలైన ఆగునని ఆమె దానిని వంటింటి ద్వారమునకు అడ్డముగా రెండు మేకులకు తగిలించి, లోపల పీట మీద కూర్చుండెను. తడి గుడ్డ నుండి గడప మీద ఎర్రని చుక్కలు రాలుచుండెను.

ఐదవ చాయకు మనవి చేయ వచ్చిన శంకరవ్వ ద్వారము కడ నిలిచి, చూచి, వెనుకకు అడుగులు వేయుచు పోయి కొడుకును పిలిచెను. రాజమౌళి వచ్చెను. తన మగ్గము మీద తాను నేసిన గుడ్డను చూచి రెండడుగుల దూరముననే ఆగిపోయెను. భయము కండ్లకెక్కినవానికి ఎరుపు తప్ప నేత కనబడదు గదా.

"ఎవలు కట్టిన్రే అవ్వా గీ జెండ?" అని గుసగుసలాడెను.

ప్రొద్దుటి నుండి సింహమై గర్జించిన విఠల్ ఇప్పుడు గోడనంటుకొని, "ముట్టకు బావా. తీస్తె అన్నలు ఊకోరు. ఉంచితె పోలీసోళ్లు ఊకోరు," అని హితము పలికెను.

తీయరాదు, ఉంచరాదు, దాటరాదు. ముగ్గురును తర్కించి, తుదకు శంకరవ్వను ముందుకు నెట్టిరి.

"బాలమణీ, లోపట ఏమైతున్నదే?"

గ్లాసు పెదవుల కడ నుండెను. ఆవిరి ముక్కునకు తగులుచుండెను. లేచి పోయి ఇది లంగా గుడ్డ యని చెప్పవచ్చును. చెప్పి వచ్చునంతలో చాయ చల్లారును. ఏడాదికి రాట్నము కడ పడిపోవుట గుర్తునకు వచ్చెను. ఆ ధీర కూర్చున్నచోటనే ఉండి ఒక్క మాట పలికెను.

"బందు."

ఆ సీమలో బందనగా ఎవరు పిలిచిరని అడుగు అలవాటు లేదు. బయట ముగ్గురును చప్పుడు చేయక పోయి, కాళ్లు ముడుచుకొని కూర్చుండిరి.

అప్పుడు బాలమణి త్రాగెను. మొదటి గుక్కకే నాలుక కాలెను. కాలిన నాలుకను పండ్లకు రాచుకొని, తన చేతి చాయలో ఇంత అల్లము పడుననుట ఆమె అప్పుడే తెలిసికొనెను. ఎవరును పిలువలేదు. గ్లాసు వంచి ఆఖరి చుక్క దాక త్రాగి, మరి కొంతసేపు ఊరకనే కూర్చుండెను.

ఆ మీదట గుడ్డ తీసి మడత పెట్టుచు బయటికి వచ్చెను. నేతలో తాను అంచున వేయు దారపుముడి గుర్తు అప్పుడు రాజమౌళి కంటబడెను. విఠల్ పైకప్పు వైపు చూచెను.

"మన లంగ గుడ్డ గదనే ఇది! గంతసేపు లోపట ఏం జేసినవే?"

పది దినములుగా దొరకని జవాబు బాలమణి నోటికి వచ్చెను.

"కూసున్న."

వినుడు జనులారా, ఆ మాటతో దొరల గడీలు కూలలేదు, ఠాణాలు కదలలేదు, అరగంటలో పావు వంతైనను గడువలేదు. విఠల్ గ్లాసు ఖాళీగానే ఉండెను. బాలమణి గ్లాసు కూడ ఖాళీయే. అయితే ఆమె గ్లాసు అడుగున ఈగ లేకుండెను.