పావుగంట ముందున్న గడియారం

శుభవార్త వచ్చేసరికి చిన్న టీచరు స్టవ్ ముందు నిలబడి ఆమ్లెట్ తిరగేస్తోంది. పెళ్లయి మూడు వారాలైనా, రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టుకోవడం ఆమెకింకా వేడుకగానే ఉంది. బడి వదలగానే ఇద్దరూ కలిసి వెళ్లి పడగ్గది కిటికీకి కర్టెన్లు కొనాలన్నది ఆనాటి పథకం. పసుపు రంగా, నీలమా అన్న వాదన మంచి పట్టుమీద ఉండగా ఫోన్ మోగింది. అవతల ప్రధానోపాధ్యాయురాలు. బళ్లో అందరూ ఆవిణ్ణి పెద్ద టీచరు అంటారు.

"అమ్మాయ్, నిలబడున్నావా? కూర్చో. నిరుడు నువ్వు చెప్పిన మూడో తరగతి సర్కారు బళ్లన్నిట్లోకీ ఫస్టు."

"మాదా మేడమ్? మా వాళ్లకి సగటున అరవై మార్కులేగా?"

"మార్కుల్లో కాదు తల్లీ, ఎదుగుదలలో. ఏడాది మొదట్లో ఒక పరీక్ష, చివర్లో ఒకటి పెట్టాం కదా. పిల్లలు ఎక్కడున్నారని కాదు, ఎక్కణ్ణుంచి ఎక్కడికొచ్చారని చూశారట. మీ వాళ్లు ఇరవై నుంచి అరవైకొచ్చారు. నీ పద్ధతేమిటో తెలుసుకోడానికి పై ఆఫీసు నుంచి అధికారి ఇవాళే వస్తున్నారు. నీ ఉద్యోగం ఖాయం చేసే ఉత్తర్వు కూడా ఆయన చేతిలోనే ఉంది."

చిన్న టీచరు ఫోన్ పెట్టేసి, అట్లకాడతో సహా భర్తను కావలించుకుంది. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. బస్సు ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది అన్నది చూసుకోవడమే ఆయన పని. భార్య గెలుపుకి ఆయన ముఖం వెలిగింది. కానీ ఆ వెలుగు ఎక్కువసేపు నిలవలేదు.

"ఆ మొదటి పరీక్ష ఎప్పుడు పెట్టారు?"

"మన పెళ్లి కుదిరిందే, ఆ వారంలో. మీరు నాకు గడియారం ఇచ్చిన మర్నాడు. దాన్ని చూసుకుంటూనే పరీక్షంతా నడిపించా."

ఆయన మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. "బుజ్జీ, ఒక మాట చెప్తా, కోప్పడకు. ఆ గడియారం పావుగంట ముందుంటుంది. నేనే తిప్పి ఇచ్చా."

"ఎందుకూ?"

"నువ్వు నన్ను కలవడానికొచ్చినప్పుడల్లా ఆలస్యమే కదా. డిపోలో డ్రైవర్లకీ మేమింతే చేస్తాం. పావుగంట ముందు టైము చెబితేగాని బస్సు సరైన టైముకి కదలదు."

"నేను బస్సునా?"

ఈలోగా ఆమ్లెట్ మాడింది.

చిన్న టీచరుకి ఆనాటి పరీక్ష కళ్లముందు కదిలింది. గంట కొట్టగానే మొదలుపెట్టాలి, సరిగ్గా పదకొండుకి కాగితాలు తీసేసుకోవాలి. తరగతి గోడ మీది గడియారం ఏనాడో ఆగిపోయింది. పదింటి గంట మోగేసరికి ఆమె చేతి గడియారం పదీ పావు చూపిస్తే, గంట కొట్టే అటెండరు నిద్రపోయాడనుకుంది. ఆయన ఇచ్చిన గడియారం తప్పు చెబుతుందన్న ఊహే ఆమెకి రాలేదు. లోకమే పావుగంట వెనకబడి ఉందనుకుంది. పిల్లలు లెక్క మధ్యలో ఉండగా కాగితాలు లాక్కుంటే ఒకమ్మాయి ఏడ్చింది కూడా.

అంటే ఆ ఇరవై మార్కులు పిల్లలవి కావు, గడియారానివి. మరో బళ్లో ఒక మాస్టారు ఎదుగుదల బాగా కనబడాలని మొదటి పరీక్షలో పిల్లల చేత కావాలనే తక్కువ రాయించి, ఉద్యోగం పోగొట్టుకుని, పేపర్లోకి కూడా ఎక్కాడు. ఆ సంగతి గుర్తురాగానే చిన్న టీచరు గడియారం విప్పి బ్యాగు అడుగున పడేసి, ఏమీ తినకుండానే బడికి బయల్దేరింది.

స్టాఫ్ రూములో చప్పట్లు కొట్టారు. కొట్టనిది ఒక్క వందమార్కుల మాస్టారే. నాలుగో తరగతి ఆయనది. ఆయన చేతికిందికొచ్చిన పిల్లలు తొంభై అయిదుకి తగ్గిన చరిత్ర లేదు.

"నా వాళ్లు మొదట తొంభై ఆరు, చివర తొంభై ఏడు," అన్నారాయన అందరికీ వినబడేలా. "కాబట్టి నా ఎదుగుదల ఒకటి అట. ఇంకెక్కడికి ఎదగమంటారండీ, పైకప్పు పగలగొట్టుకునా? సరేలే, ఈ అమ్మాయి పిల్లలు ఇప్పుడు నా తరగతికే వచ్చారుగా. ఆ కిటుకేమిటో వాళ్లనే అడుగుతా."

మొదటి పీరియడ్ అవగానే ఆయన మూడో తరగతి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "రాస్తూ ఉండగానే లాగేసుకున్నావటగా, అమ్మాయ్?" అని నెమ్మదిగా అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు. చిన్న టీచరు చేతిలో సుద్దముక్క రెండైంది.

ఇక దాచి లాభం లేదు, అంతా చెప్పేద్దామని పెద్ద టీచరు గదికి పరుగెత్తింది. నోరు తెరిచేలోపే పెద్ద టీచరు చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఏం చెప్పకు. నాకు తెలిసిపోయింది."

"మీకెలా తెలుసు మేడమ్?"

"మీ ఆయన ఫోన్ చేశాడు."

"చెప్పేశారా?"

"మగవాళ్లకి దాచడం చేతకాదమ్మా. భయపడకు, మొదటిసారి ఎవరికైనా అలాగే ఉంటుంది."

చిన్న టీచరు కళ్లు పెద్దవయ్యాయి. "అంటే, మీరు కూడానా?"

"రెండుసార్లు. ఇద్దరూ ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు."

విషయమేమిటంటే, భార్యను ఎలాగైనా ఆ అధికారి కంటబడకుండా చేయాలని ఆయన ఫోన్ చేసి, ఆవిడకి పొద్దుట్నుంచీ కళ్లు తిరుగుతున్నాయి, ఏమీ తినలేదు, ఇంటికి పంపించండి అని బతిమాలుకున్నాడు. కొత్తగా పెళ్లయిన పిల్లకి కళ్లు తిరిగితే పెద్ద టీచరు వేరే ఎందుకు అనుకుంటారు? మధ్యాహ్నానికి బడంతా పాకిపోయింది. ఒకావిడ నీళ్లు తెచ్చింది, ఇంకొకావిడ నడుము వెనక దిండు పెట్టింది. కాదని చెప్పిన కొద్దీ సిగ్గుపడుతోందన్నారు. మెచ్చుకునేవాళ్ల మధ్య కూర్చుని, ఉరిశిక్ష పడ్డ మనిషిలా ఆమె గేటు వంక చూస్తూ ఉంది.

అధికారి వచ్చారు. గట్టిగా అరిచే మనిషైతే బాగుండేది. ఆయన గొంతు మెత్తగా, ఆస్పత్రిలో మాట్లాడినట్టు ఉంది.

"మీ పద్ధతేమిటమ్మా?"

పెద్ద టీచరు అందుకున్నారు. "సమయపాలన సార్. ఏడాదంతా ఎవరూ రాకముందే, పావుగంట ముందు బళ్లో ఉండేది. చేతి గడియారం చూడకుండా అడుగు వెయ్యదు."

అధికారి ఆమె చేతి వంక చూశారు. చేతికి గడియారం లేదు.

అదే సమయానికి వందమార్కుల మాస్టారు నలుగురు పిల్లల్ని వెంటేసుకుని, "సార్, వీళ్లు చెప్పేది కాస్త వినండి," అంటూ లోపలికొచ్చారు. ఆయన వెనకే డిపో యూనిఫాంలో, రొప్పుతూ, చిన్న టీచరు మొగుడు ఊడిపడ్డాడు.

"ఆవిడ తప్పేం లేదు సార్. అంతా నేను చేసిందే."

"అందులో తప్పేముంది బాబూ, పెళ్లయిందిగా," అన్నారు పెద్ద టీచరు.

చిన్న టీచరు లేచి నిలబడింది. దిండు కింద పడింది. గడియారం సంగతి, లాక్కున్న కాగితాలు, ఏడ్చిన అమ్మాయి, ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. అధికారి బల్లమీద పెట్టిన ఉత్తర్వును తీసి, తిరిగి సంచిలో పెట్టుకుని జిప్పు లాగారు.

"గడియారం ఏదీ?"

బ్యాగు అడుగు నుంచి తీసి ఇచ్చింది. ఆయన తన చేతి గడియారం పక్కన పెట్టి చూశారు. "పావుగంట ముందే ఉంది. దీన్ని మధ్యలో ఎప్పుడైనా సరిచేశారా?"

"ఇంకా చెయ్యలేదండీ," అన్నాడు టైమ్‌కీపరు. "మొదటి పెళ్లిరోజున చెప్పి నవ్విద్దామని."

"ఇంకా చెయ్యలేదా? మరి ఏడాది చివరి పరీక్షకి ఏ గడియారం చూశారమ్మా?"

చిన్న టీచరు ఆలోచించింది. ఆ రోజూ అటెండరు గంట ఆలస్యంగా కొట్టాడని తిట్టుకుంది. "ఇదే సార్," అంది, ఇంకో తప్పు ఒప్పుకుంటున్న గొంతుతో.

అధికారి వేళ్లమీద లెక్క వేశారు. "మొదట్లోనూ పావుగంట తక్కువే, చివర్లోనూ పావుగంట తక్కువే. అంటే ఎదుగుదల నిజమే. మార్కులే అబద్ధం. పూర్తిగా రాయనిస్తే వీళ్లు అరవై దగ్గర ఆగేవాళ్లు కాదు, ఎనభై దాటేవాళ్లు." జిప్పు మళ్లీ తెరుచుకుంది. "ఇదిగో ఉత్తర్వు, ఇదిగో మీ గడియారం. పిల్లలకి మాత్రం మీరు రెండు పావుగంటలు బాకీ. వెళ్లి క్షమాపణ చెప్పుకోండి."

ఏడ్చిన అమ్మాయి ఆ నలుగురిలోనే ఉంది. చిన్న టీచరు అక్కడికక్కడే చెప్పుకుంది. "అయితే రేపటి పరీక్షలో కాగితం లాక్కోరా టీచర్?" అని అడిగిందా అమ్మాయి.

"ఎవరూ లాక్కోరు," అన్నారు అధికారి. "రేపు పదింటికి ఈ ఏడాది మొదటి పరీక్ష. అన్ని తరగతులకీ పూర్తి గంట. ఎవరి పిల్లలకి వాళ్ల టీచరే టైము చూసుకోవాలి."

సాయంత్రం గేటు దాటుతుంటే, పసుపు కర్టెన్లే తీసుకుందామని మొగుడు బేషరతుగా ఒప్పేసుకున్నాడు. అంతలో వెనకనుంచి ఎవరో పిలిచారు. వందమార్కుల మాస్టారు. చిన్న టీచరు దగ్గర్నుంచి తన తరగతికొచ్చిన ఆ పిల్లలు రేపు ఎనభై దాటి మొదలుపెడితే, ఏడాది చివరికి తన ఎదుగుదల ఎంతకి తేలుతుందో ఆయన మధ్యాహ్నం నుంచీ లెక్క వేసుకుంటున్నారు.

"అమ్మాయ్, రేపొక్కరోజుకి ఆ గడియారం ఇస్తావా?" అని గొంతు తగ్గించి అడిగారు. "పన్నెండుకల్లా తెచ్చిచ్చేస్తా. కావాలంటే నీ గడియారం ప్రకారమే."