డెన్మార్క్ సంగీతం వినే మొగుడు

పెళ్లి కావలసిన ఆడపిల్లలకు నా సలహా ఒక్కటే. ఉద్యోగం చూడకండి, పొడుగు చూడకండి, రెసిడెన్సీ వచ్చిందా అని అసలే అడగకండి. అబ్బాయి డెన్మార్క్ సంగీతం వింటాడా లేదా, అది కనుక్కోండి. వింటాడంటే మరో మాట లేకుండా మెడ వంచండి!

మా ఆయన గిరిధర్ వింటారు. అందరిలా కాదు, నెమ్మదిగా. తొమ్మిది నిమిషాల పియానో ముక్కను ఏడు వారాలుగా వింటున్నారు. విన్నదాని గురించి బ్లాగు రాస్తారు. అదీ నెమ్మదిగానే. మొన్న నెల్లాళ్లు కూర్చుని, మొదటి రెండు స్వరాల మధ్య ఉన్న నిశ్శబ్దం మీద పదకొండు పేజీలు రాశారు. స్వరాల జోలికి ఇంకా రాలేదు.

ఇంటికి ఇది ఎంత మేలో చూడండి. వీకెండ్ వస్తే మేముండే టకానినిలో మా వీధంతా గడ్డి కోసే లాన్ మోవర్ల మోత. ఆయన వింటుండగా మాత్రం మా మోవర్ బయటికి రాకూడదు. ఆయన ఎప్పుడూ వింటూనే ఉంటారు. గడ్డి మోకాళ్ల దాకా వచ్చింది. పచ్చదనం కోసం జనం ఎక్కడెక్కడికో డ్రైవ్ చేసుకుంటూ పోతారే!

దగ్గర్లోని పాపటోయిటోయి పేట నుంచి మంగతాయారు ఆంటీ ప్రతి ఆదివారం వచ్చి, రాత్రి భోజనం అయ్యాకే లేచేవారు. ఒకసారి ఈయన ఆవిడను సోఫాలో కూర్చోబెట్టి ఆ పియానో వినిపించారు.

“ఏం నాయనా, ఇంకా మొదలెట్టలేదా?”

“అయిపోయింది ఆంటీ.”

ఆవిడ మళ్లీ రాలేదు. ఇంతకన్నా ఏం కావాలి?

మా అమ్మాయి సిరికి ఎంత మర్యాద వచ్చిందనుకున్నారు! “అమ్మా, చిప్స్ తినొచ్చా? డాడ్ సైలెన్స్ పార్ట్‌లో ఉన్నాడా?” అని అడిగి మరీ ప్యాకెట్ విప్పుతుంది.

ఇక నేను. పని చేస్తూ పాడుకోవడం నాకు కాలేజీ రోజుల నుంచీ ఉన్న జబ్బు. అప్పట్లో ప్రైజులు కూడా వచ్చాయి. ఈ పదిహేనేళ్లలో నా పాట గురించి ఆయన అన్నది ఒకే ఒక్క మాట: “విజయా, కాస్త తలుపు వేస్తావా?”

వేశాను. వాషింగ్ మెషిన్ ఎలాగూ గరాజ్‌లోనే ఉంది. బట్టలు మడత పెడుతూ అక్కడే పాడుకుంటున్నాను. ఆయన గదికీ గరాజ్‌కీ మధ్య అట్టలాంటి గోడ.

పోయిన వారం బ్లాగులో కొత్త వ్యాసం వచ్చింది. “ఆరో నిమిషంలో, పియానో వెనకాల, ఎక్కడో దూరంగా ఒక స్త్రీ గొంతు. ఎంత అలసట! ఎంత మాధుర్యం! వందసార్లు వింటే గానీ నా చెవికి అందలేదు.” ఇలా నాలుగు పేజీలు. మడత పెట్టాల్సిన సాక్సు చేతిలో పట్టుకుని రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివాను, దాపరికం ఎందుకు?

కింద డెన్మార్క్ నుంచి ఒకాయన కామెంట్ పెట్టాడు: ఈ రికార్డులో పియానో ఒక్కటే ఉంది, గొంతు లేదు అని. మా ఆయన చలించలేదు. “మీరు ఇంకా నెమ్మదిగా వినాలి” అని జవాబిచ్చారు.

తర్వాత రెండు రోజులు ఒకటే వాన. బట్టలు ఉతకలేదు, గరాజ్‌కి వెళ్లలేదు. మూడో రోజు చెప్పేద్దామని టీ పట్టుకుని వెళ్లాను.

“ఏమండీ, ఆ గొంతు...”

ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యెత్తారు. “రెండు రోజులుగా దొరకడం లేదు విజయా. గరాజ్‌లో ఏవో కూనిరాగాలు తీస్తుంటావు చూడు, అవి కాస్త మానేస్తే ఆవిడ మళ్లీ వినిపిస్తుంది.”

మానేశాను. ఆవిడ కోసం ఇప్పుడు ఇంటిల్లిపాదీ నిశ్శబ్దంగా ఎదురుచూస్తున్నాం.