జోలపాటకు మూడు సంతకాలు

"పౌరుడు కునుకు తీస్తే శత్రువు గుమ్మం దాటినట్టే" అని సాంస్కృతిక భద్రతా మంత్రిగారు సెలవిచ్చిన మర్నాడే జోలపాటల పరిశీలనా కార్యాలయం వెలిసింది. అంతటి ముందుచూపు మనలాంటి వాళ్లకి ఏడు జన్మలెత్తినా రాదు. అక్కడ టైపిస్టుని కావడం వల్ల దగ్గరుండి చూసే భాగ్యం నాకు కలిగింది.

పద్ధతి పకడ్బందీగా ఉండేది. ప్రతి పాటనీ అధికారిగారు మూడుసార్లు విని, విన్న ప్రతిసారీ సంతకం పెట్టాలి. మంచి పాటలకి ఆయన రెండో చరణంలోనే గురక పెట్టేవారు. సంతకాలు పూర్తికాక అవన్నీ నిషేధం బీరువాలోకి పోయేవి. ఎవరో ఒకరు మేలుకుని ఫైలు రాయాలి కనుక, పాడేటప్పుడు పెట్టుకోమని నా చెవులకి దూది ఇప్పించారు. ఆఖరికి ఒకే ఒక్క పాట గట్టెక్కింది. మంత్రిగారి బావమరిది రాశారు. పల్లవికి సైరన్, చరణానికి బూట్ల చప్పుడు.

మా పాపకి నాలుగో నెల. ఆ పాట ఎత్తుకుంటే చాలు, ఇల్లు పీకి పందిరేసేది. మూడు రోజులు పిల్ల సరిగ్గా కన్ను మూయకపోయేసరికి మా అత్తగారు ఉండబట్టలేక, పట్టపగలే తన పాత పాట పాడేశారు. పాప రెండు నిమిషాల్లో నిద్రపోయింది. పక్కింటాయన దేశభక్తుడు, వెంటనే ఫోన్ చేశాడు.

సాయంత్రానికి అత్తగారిని మా ఆఫీసులో నిలబెట్టారు.

"ఏం పాడావమ్మా?" అన్నారు అధికారిగారు.

"మా అమ్మ పాడిందే బాబూ."

"ఆవిడకెవరు నేర్పారు?"

"వాళ్లమ్మ."

"అయితే పెద్ద ముఠాయే. రాసుకోవయ్యా" అన్నారు నాతో. రాసుకున్నాను. అల్లుణ్నయినా ఉద్యోగం ఉద్యోగమే.

"ఏదీ, ఆ నేరం ఇంకోసారి చెయ్యి."

నేను దూది పెట్టుకున్నాను. ఆవిడ పాడారు. అధికారిగారు బల్ల మీదకి ఒరిగారు. తుపాకీ పట్టుకున్న గార్డు గోడవారగా జారాడు. సరిగ్గా అప్పుడే తనిఖీకి వచ్చిన మంత్రిగారు సోఫాలో కూలబడి మూడు గంటలు నిద్రపోయారు. పదవిలోకి వచ్చాక అదే మొదటిసారట.

లేచి, కళ్లు నులుముకుని, "ఈ పాట జనం మధ్య ఉండకూడదు" అని తేల్చారు.

"మరి ఈవిడ సార్?" అన్నారు అధికారిగారు.

"దేశ రహస్యం. మా ఇంట్లో భద్రపరచండి."

"ఇంటిదగ్గర చంటిది ఉంది బాబూ" అన్నారు అత్తగారు.

"దానికి అనుమతి ఉన్న పాట ఉందిగా."

నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది. ఫైలు మీద పడుతుందని ఊరుకున్నాను.

మంత్రిగారి మొహంలో కళ వచ్చిందని ఇప్పుడు పత్రికలన్నీ రాస్తున్నాయి. నాకు ప్రమోషన్ వచ్చింది. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

పాప మాత్రం రాత్రింబవళ్లు మేలుకునే ఉంటోంది. దేశానికి ఇక ఏ భయమూ లేదు.